ముందు చక్రాలు గుంజే కారుకు వెనుక రెక్క దేనికి?

కార్ల ముచ్చట లేచిందంటే మన పోరగాళ్లు రెండు పార్టీలయితరు. డిక్కీ మీద పెద్ద రెక్క పెడితే కారు రోడ్డును కరుచుకొని పోతదని ఒక పార్టీ. "ఇంజన్ తిప్పేది ముందు చక్రాలను, రెక్క నొక్కేది వెనుక చక్రాలను, ఇగ ఏం ఫాయిదా?" అని ఇంకో పార్టీ. రెండో మాట వినెతందుకు మస్తు తెలివిగ ఉంటది. గని అదే నిజమైతే హోండా సివిక్ టైప్ ఆర్ వెనుక అంత పెద్ద రెక్క ఎందుకున్నది? ముందు చక్రాలతోని నడిచే రేసు కార్లకు సుత రెక్కలెందుకు పెడుతున్నరు? వాళ్లకు లెక్కలు రాకనా?

అసలు సంగతేందంటే, రెండు పార్టీలూ సగం సగమే చెప్తున్నయి. రెక్కతోని లాభం ఉంటది. అయితే ఏ స్పీడు కాడ, ఎసొంటి మలుపుల, ఎసొంటి కారుకు అన్నదే అసలు ప్రశ్న. ఇది తెల్వక చానా మంది కష్టపడి సంపాయించిన పైసలు పెట్టి డిక్కీకి తూట్లు పొడిపించుకుంటున్నరు. ఆ రెక్కను నమ్ముకొని హైవే మీద స్పీడు పెంచితే పైసలే కాదు, పానం మీదికే వస్తది. అందుకే ఈ ముచ్చట జర నిమ్మలంగ మాట్లాడుకుందాం.

మన కార్లల ఎక్కువ ఇవే

మారుతి స్విఫ్ట్, బాలెనో, హ్యుందాయ్ ఐ20, టాటా టియాగో, హోండా సిటీ, ఫోక్స్‌వ్యాగన్ పోలో, వర్టస్.. మన ఊర్లల, పట్నాలల కనవడే చిన్న కార్లు, సెడాన్లు దాదాపు అన్నీ ముందు చక్రాలతోని నడిచేటివే. ఇంజన్, గేర్‌బాక్స్ రెండూ ముందటనే ఉంటయి. వెనుక చక్రాల దాక పొడుగాటి షాఫ్ట్ అక్కర లేదు. ఖర్చు తక్కువ, లోపల జాగ ఎక్కువ, మైలేజీకి సుత మంచిది.

అయితే దీనికి ఒక గుణం ఉన్నది. బరువంత ముందటనే పడుతది. డ్రైవర్‌తోని కలిపి వెయ్యి కిలోల హ్యాచ్‌బ్యాక్ అనుకుంటే, 620 కిలోల దాక ముందు చక్రాల మీద, 380 కిలోలు వెనుక చక్రాల మీద ఉంటది. ముందు టైర్లు మూడు పనులు చెయ్యాలె. కారును గుంజాలె, మలుపు తిప్పాలె, బ్రేకు కొడితే ఎక్కువ భారం మొయ్యాలె. వెనుక టైర్లు ట్రాలీ చక్రాల లెక్క ఎంబడి వస్తయి.

టైరుకు ఉండే పట్టు కుండల నీళ్ల లెక్క. గుంజుడుకే సగం ఖర్చు పెడితే తిరుగుడుకు సగమే మిగులుతది. అందుకే చిన్న మలుపుల యాక్సిలరేటర్ గట్టిగ తొక్కితే, స్టీరింగ్ ఎంత తిప్పినా కారు నేరుగ బయటికే పోతది. దీన్నే అండర్‌స్టీర్ అంటరు. ఈ రోగానికి వెనుక రెక్క మందు కాదు. నిలవడ్డ కాడికెల్లి కారును జోరుగ ఉరికించాలన్నా రెక్క అక్కరకు రాదు. గాలే లేని కాడ రెక్క ఏం నొక్కుతది? ఇంతవరకు రెండో పార్టీ చెప్పింది నిజమే.

రేకుల కప్పు లేచినట్టు కారు లేస్తది

ఇగ ఇంకో దిక్కు చూద్దాం. పెద్ద గాలిదుమారం వస్తే రేకుల కప్పు లేచిపోవుడు మనకు ఎరుకే. గాలి కప్పును కిందికి నొక్కలేదు, మీదికి లేపింది. కప్పు మీదికెల్లి గాలి జోరుగ పోయినప్పుడు అక్కడ ఒత్తిడి తగ్గుతది. లోపలి గాలి ఒత్తిడి ఎక్కువైతది. రేకు లేస్తది.

కారు సుత అసొంటిదే. కింద దాదాపు చదును, మీద వంపు. అద్దం మీదికెల్లి, టాపు మీదికెల్లి, వెనుకకు జారే వంపు మీదికెల్లి గాలి ఉరుకుతది. దాంతోని స్పీడు పెరిగిన కొద్ది కారు తేలికయితది. చానా కార్లల ఈ లేపుడు వెనుక దిక్కే ఎక్కువ. అరవై, డెబ్బై కిలోమీటర్ల స్పీడుల ఇది మనకు తెల్వనే తెల్వది. నూట యాభై, రెండొందలు దాటితే అప్పుడు తెలుస్తది. కారు తోక తేలిపోతున్నట్టు, స్టీరింగ్ చిన్నగ కదిపితే బండంత ఊగినట్టు అయితది.

దీనికి ఆడి టీటీ కారే సాక్ష్యం. 1998ల వచ్చిన ఈ కారు చూసెతందుకు నున్నగ, గుండ్రంగ ఉండేది. గోల్ఫ్ కారు పునాది మీదనే కట్టిన్రు. ఇంజన్ ముందట. ముందు చక్రాలతోని నడిచే రకం ఉండేది, నాలుగు చక్రాల క్వాట్రో రకం సుత ఉండేది. వెనుక స్పాయిలర్ మాత్రం లేదు. అందం చెడుతదని పెట్టలే. జర్మనీ హైవేల మీద మస్తు స్పీడుల లేన్ మారేటప్పుడు, మలుపు తిరిగేటప్పుడు కొన్ని కార్లు అదుపు తప్పినయి. పానాలు పోయినయి. ఆఖరికి కంపెనీ అమ్మిన కార్లను మళ్ల వెనుకకు పిలిచి, డిక్కీ అంచుకు చిన్న స్పాయిలర్ పెట్టింది. సస్పెన్షన్ మార్చింది. ఈఎస్‌పీ కూడ ఇచ్చింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటున్నది. ఆ స్పాయిలర్ పెట్టింది ఇంజన్ బలాన్ని రోడ్డుకు అందించెతందుకు కాదు. వెనుక భాగం తేలకుండ ఉండెతందుకు. ముందు చక్రాలు గుంజినా, వెనుక చక్రాలు నెట్టినా, నాలుగు టైర్లూ భూమి మీద ఆనాలె గద. రెండో పార్టీ మర్చిపోతున్న సంగతి ఇదే.

స్పాయిలర్ వేరు, రెక్క వేరు

రెంటినీ ఒకటే అనుకుంటరు. స్పాయిలర్ అంటే కారు ఒంటికి అతికి ఉండే పట్టీ. టాపు చివర్ల, డిక్కీ అంచుకు ఉంటది. గాలి వంపు ఎంబడి కిందికి జారకుండ, దాన్ని అడ్డుకొని దారి మళ్లిస్తది. కారును లేపే బలాన్ని తగ్గిస్తది. హ్యాచ్‌బ్యాక్‌లకు కంపెనీలు టాపు చివర ఇచ్చేది చానా వరకు ఇదే.

వింగ్ అంటే రెక్క. విమానం రెక్కను బోర్లేసినట్టు ఉంటది. మీద, కింద రెండు దిక్కులా గాలి పారాలె. విమానం రెక్క మీదికి లేపితే, ఇది కిందికి నొక్కుతది. ఈ నొక్కుడునే డౌన్‌ఫోర్స్ అంటరు. బరువు పెంచకుండ టైరు మీద భారం పెంచుడు అన్నమాట. అరటన్ను ఇసుక బస్తాలు వెనుక ఎత్తినా టైరు మీద భారం పెరుగుతది. గని ఆ బరువును మలుపుల తిప్పాలె, బ్రేకుతోని ఆపాలె. గాలి నొక్కుడుకు ఆ బాధ లేదు.

అయితే రెక్క పని చెయ్యాలంటే దానికి చక్కటి గాలి తగలాలె. కారు టాపు దాటినంక గాలి సుడులు తిరుగుతది. సెడాన్ డిక్కీ మీద పొట్టిగ నిలవెట్టిన రెక్క ఆ సుడుల్లనే ఉంటది. అందుకే రేసు కార్లల రెక్కను పొడుగు కాళ్ల మీద, టాపు ఎత్తుకు దగ్గరగ నిలవెడుతరు. చూసెతందుకు కాదు, గాలి అక్కడ బాగుంటదని.

లెక్క చూద్దాం

రెక్క నొక్కే బలం స్పీడుతోని నేరుగ పెరగది. స్పీడు రెండింతలైతే నొక్కుడు నాలుగింతలయితది. మీటరున్నర వెడల్పు, 25 సెంటీమీటర్ల లోతు ఉన్న మంచి రెక్క తీసుకుందాం. దానికి చక్కటి గాలి తగులుతున్నదనే అనుకుందాం. లెక్క కడితే గంటకు 50 కిలోమీటర్ల స్పీడుల అది నొక్కేది నాలుగున్నర కిలోలు. 100 స్పీడుల 18 కిలోలు. 150ల 40 కిలోలు. 200ల 71 కిలోలు.

ఊరి రోడ్ల మీద యాభై, అరవైల పోయేటోనికి ఆ రెక్క రెండు పెద్ద వాటర్ బాటిళ్లంత పని చేస్తది. డిక్కీల పెట్టుకునే స్టెప్నీ టైరే అంతకన్న ఎక్కువ బరువుంటది. రెండొందల స్పీడుల మాత్రం ఒక పెద్ద మనిషి వెనుక కూసున్నంత భారం పడుతది. అంటే రెక్క రేసు ట్రాక్ సామాను. స్పీడు లేకుంటే అది బోర్డు చెక్కే.

ఇగ ఎడ్లబండి లెక్క చూద్దాం. ఇరుసుకు వెనుక బరువు ఎక్కువైతే బండి తోక కుంగి, కాడి మీదికి లేస్తది. ట్రాక్టర్‌కు వెనుక బరువైన నాగలి లేపితే ముందు చక్రాలు తేలికయి స్టీరింగ్ సరిగ్గ ఆగది. అందుకే ముందట ఇనుప దిమ్మెలు పెడుతరు. కారు రెక్క సుత వెనుక ఇరుసు దాటినంకనే ఉంటది. అది వెనుక నొక్కితే ముందు భాగం కొంచెం లేస్తది.

చక్రాల నడుమ దూరం 2.45 మీటర్లు, రెక్క వెనుక ఇరుసుకు అర మీటరు అవతల ఉన్నదనుకుంటే, 200 స్పీడుల 71 కిలోల నొక్కుడు వెనుక టైర్ల మీద 85 కిలోలయితది. ముందు టైర్ల మీదికెల్లి 14 కిలోలు తగ్గుతది. రెక్కకు గాలి కొట్టి వెనుకకు గుంజుడు కూడ ఉంటది. అది ఎత్తుల ఉంటది కాబట్టి ముందును ఇంకింత తేలిక చేస్తది. ముందు టైర్ల మీదనే బతికే కారుకు ఇది నష్టమే. ముందట ఏం చెయ్యకుండ వెనుక ఒక్కటే పెద్ద రెక్క పెడితే, పెద్ద స్పీడు మలుపుల కారు తిరగనని మొండికేస్తది. అందుకే రేసోళ్లు రెక్కతోని పాటు ముందు బంపర్ కింద స్ప్లిట్టర్ అనే పలక కూడ పెడుతరు. ముందు, వెనుక తూకం కుదరాలె. త్రాసుల ఒకే తట్టల బరువేస్తే తూకమెట్ల అయితది?

మరి ఫాయిదా ఎక్కడున్నది?

మూడు కాడ ఉన్నది.

మొదటిది, బ్రేకు. మన వెయ్యి కిలోల కారే తీసుకుందాం. పెద్ద స్పీడుల గట్టిగ బ్రేకు కొడితే దాదాపు 180 కిలోల భారం వెనుకకెల్లి ముందుకు జరుగుతది. వెనుక 380 ఉన్నది 200కు పడిపోతది. అంత తేలికైనప్పుడు చిన్న గుంత తగిలినా, స్టీరింగ్ కొంచెం వంకరున్నా తోక తిరుగుతది. 200 స్పీడుల రెక్క అక్కడ 85 కిలోలు పెట్టిందంటే, వెనుక భారం నూటికి నలభై వంతులు పెరిగినట్టు. డ్రైవర్ ఇంకింత ఆలస్యంగ, ఇంకింత ధైర్యంగ బ్రేకు కొట్టగలుగుతడు. రేసుల సెకన్లు మిగిలేది అక్కడనే.

రెండోది, మలుపు నడుమ కాలు తీసుడు. జోరుగ మలుపు తిరుగుతుంటే ఏదో అడ్డమొచ్చి యాక్సిలరేటర్ మీదికెల్లి దబ్బున కాలు తీస్తే బరువు ముందుకు జరుగుతది. ముందు టైర్లకు ఒక్కసారి పట్టు పెరుగుతది, వెనుక టైర్లకు తగ్గుతది. తోక బయటికి జారుతది. ముందు చక్రాల కార్లకు అండర్‌స్టీర్ ఒక్కటే ఉంటదనుకునేటోళ్లు ఈ గుణాన్ని మర్చిపోతరు. పెద్ద స్పీడు మలుపుల రెక్క ఈ తోకను పట్టి ఉంచుతది.

మూడోది అన్నిటికన్న అసలైన కిటుకు. రేసోళ్లు ముందు చక్రాల కారును చిన్న మలుపుల తిప్పెతందుకు వెనుక సస్పెన్షన్‌ను కావాలనే బిర్రుగ చేస్తరు. వెనుక టైర్లకు పట్టు తగ్గి తోక కొంచెం జారుతది, మూతి లోపలికి తిరుగుతది. మలుపుల లోపలి దిక్కు వెనుక చక్రం గాలిల లేచిన ఫొటోలు మీరు చూసే ఉంటరు. గని అదే సెట్టింగుతోని నూట ఎనభై స్పీడు మలుపుల పోతే కారు బొంగరం లెక్క తిరుగుతది. అక్కడ రెక్క ఆదుకుంటది. చిన్న మలుపుల, తక్కువ స్పీడుల రెక్క సప్పుడు చెయ్యకుండ పడుకుంటది, తోక స్వేచ్ఛగ తిరుగుతది. పెద్ద మలుపుల రెక్క లేస్తది, తోకను నొక్కి పడుతది. స్పీడును బట్టి కారు గుణం మారుతదన్నమాట. "రెక్క వెనుక చక్రాలను నొక్కితే ఏం లాభం" అన్న ప్రశ్నకు అసలు జవాబు ఇది. వెనుక పట్టు గాలి ఇస్తది కాబట్టి, మిగతా కారునంత ముందు చక్రాలకు పనికొచ్చేటట్టు సర్దుకోవచ్చు.

ఆల్ఫా రెక్క పెట్టిన లొల్లి

ఇది నోటి మాట కాదు. 1994ల బ్రిటన్ టూరింగ్ కార్ల చాంపియన్‌షిప్‌ల రుజువైంది. ఇటలీ కంపెనీ ఆల్ఫా రోమియో, 155 అనే మామూలు సెడాన్‌ను తెచ్చింది. ముందు చక్రాల కారు. ముందట స్ప్లిట్టర్, వెనుక రెక్క, రెండూ సర్దుకునే రకం. అసొంటి కార్లు జనానికి అమ్మినట్టు చూపిస్తేనే రేసుకు ఒప్పుకుంటరు కాబట్టి, సిల్వర్‌స్టోన్ అని పేరు పెట్టి రోడ్డు కార్లు సుత అమ్మింది. గాబ్రియెలే తార్కీని మొదటి ఐదు రేసులు వరుసగ గెలిచిండు.

మిగతా కంపెనీలు లొల్లి పెట్టినయి. ఆ రెక్క రూల్స్‌కు వ్యతిరేకమన్నయి. ఓల్టన్ పార్క్ కాడ రెక్కను దించి నడపమంటే, ఆల్ఫా జట్టు సామాను సదురుకొని పోయింది. తర్వాత రాజీ కుదిరింది. ఆఖరికి ఆ ఏడాది చాంపియన్ తార్కీనియే. మరుసటేడు 1995ల రెక్కలు అందరికీ ఒప్పుకున్నరు. అప్పుడు ఆల్ఫా జోరు లేదు. వాక్స్‌హాల్ కవాలియర్ మీద జాన్ క్లీలండ్ గెలిచిండు. అది కూడ ముందు చక్రాల కారే.

ఈ కథల రెండు పాఠాలున్నయి. లాభం లేకుంటే పక్కోళ్లు అంత లొల్లి ఎందుకు పెడుతరు? ఇది ఒకటి. అందరికీ రెక్కలొచ్చినంక ఒక్క రెక్కతోనే ఎవడూ గెలవలేడు. ఇది రెండోది. అదే తార్కీని 2018ల, 56 ఏండ్ల వయసుల, హ్యుందాయ్ ఐ30 ఎన్ టీసీఆర్ మీద ప్రపంచ టూరింగ్ కార్ కప్పు గెలిచిండు. టీసీఆర్ కార్లు కూడ ముందు చక్రాలతోని నడిచేటివే, వెనుక రెక్క ఉండేటివే.

అర సెకను తేడా

రెక్కే అంతా అనుకునే మొదటి పార్టీకి ఇంకో లెక్క చెప్పాలె. జర్మనీల నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్ పూర తిరిగితే 20.832 కిలోమీటర్లు. ముందు చక్రాల కార్ల నడుమ ఇక్కడ ఏండ్ల సంది పోటీ నడుస్తున్నది. 2019ల రెనో మెగాన్ ఆర్ఎస్ ట్రోఫీ-ఆర్ ఈ పూర దూరాన్ని 7 నిమిషాల 45.389 సెకన్లల తిరిగింది. దానికి పెద్ద రెక్క లేదు. టాపు చివర చిన్న స్పాయిలర్, వెనుక బంపర్ కింద కార్బన్ డిఫ్యూజర్ ఉన్నయి. కంపెనీ ఎక్కువ కష్టపడ్డది బరువు తగ్గించుడు మీద. వెనుక సీటు పీకేసిన్రు. వెనుక చక్రాలను తిప్పే వ్యవస్థను తీసేసిన్రు. మామూలు ట్రోఫీ కారు కన్న 130 కిలోల దాక తగ్గించిన్రు.

2023ల కొత్త హోండా సివిక్ టైప్ ఆర్ అదే దూరాన్ని 7 నిమిషాల 44.881 సెకన్లల తిరిగింది. దీనికి రెక్క ఉన్నది. ఇంజన్ బలం కూడ మెగాన్ కన్న ఎక్కువ. తేడా ఎంత? దాదాపు ఇరవై ఒక్క కిలోమీటర్లకు అర సెకను. ఒకరు బరువు తీసేసి, ఇంకొకరు గాలిని వాడుకొని, బలం పెంచి, దాదాపు ఒక్క కాడికే వచ్చిన్రు.

ఇంకో ముచ్చట. పాత టైప్ ఆర్‌ల 2020ల స్పోర్ట్ లైన్ అని ఒక రకం తెచ్చిన్రు. ఇంజన్ అదే, బలం అదే. పెద్ద రెక్క బదులు పొట్టి స్పాయిలర్ పెట్టిన్రు. రోజూ రోడ్డు మీద తిరిగేటోనికి పెద్ద రెక్క లేకున్నా నడుస్తదని కంపెనీనే చెప్పినట్టు కాదా?

పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు

సివిక్ రెక్కను కంపెనీ గాలి సొరంగంల పరీక్ష పెట్టి, ముందు బంపర్‌తోని, కారు అడుగు భాగంతోని తూకం కుదిర్చి పెట్టింది. మన దగ్గర దుకాణంల దొరికే రెక్కకు ఆ పరీక్షలు ఎవరు చేసిన్రు? అది ఫైబర్‌దో ప్లాస్టిక్‌దో. దాన్ని పల్చటి డిక్కీ రేకుకు నాలుగు స్క్రూలతోని బిగిస్తరు. అది నిజంగ నొక్కే రెక్క అయితే ఆ రేకు ఆ భారాన్ని, ఊగుడును మొయ్యలేదు. నొక్కని రెక్క అయితే ఉత్త షోకు. ఏ దిక్కు చూసినా మనకే నష్టం. తూట్ల కాడ వానకాలం నీళ్లు దిగుతయి, తుప్పు పడుతది. గాలి అడ్డుకుంటది కాబట్టి మైలేజీ కూడ తగ్గుతది. అంచులు బయటికి పొడుచుకొచ్చినట్టుంటే వెనుక వచ్చే బైకోనికి, సైకిల్ మీది పిల్లగానికి కత్తి లెక్క తగులుతయి.

చట్టం సంగతి కూడ తెల్వాలె. మోటార్ వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన, ఆర్సీల రాసిన వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చొద్దు. 2019 జనవరిల సుప్రీంకోర్టు కూడ ఇదే మాట గట్టిగ చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టంల, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేకుంటే ఆరు నెలల దాక జైలు, లేదంటే రెండూ పడొచ్చని ఉన్నది. కంపెనీ తన కారుకు తానే తయారు చేసి అమ్మే స్పాయిలర్ వేరు, గల్లీ దుకాణంల బిగించే పెద్ద రెక్క వేరు. యాక్సిడెంట్ అయినంక ఇన్సూరెన్సోళ్లు బండిల మార్పుల మీదనే మొదలు వేలు పెడుతరు.

కేంద్రం 2018ల పెట్టిన హద్దు ప్రకారం నాలుగు లేన్ల హైవే మీద కార్లకు 100, ఎక్స్‌ప్రెస్‌వే మీద 120 స్పీడే. మనం చూసిన లెక్కల 100 కాడ మంచి రెక్క ఇచ్చేది 18 కిలోలు. బర్లు, ఆటోలు, వడ్లు ఆరబోసిన కుప్పలు ఎదురొచ్చే రోడ్ల మీద దానికోసం పైసలు పెట్టుడు ఎందుకు?

పేదోని రెక్క వెనుక టైరే

వెనుక పట్టే కావాలంటే అంతకన్న చౌకైన, పక్కా దారి ఉన్నది. ముందు చక్రాల కారుకు ముందు టైర్లే తొందరగ అరుగుతయి. రెండే కొత్త టైర్లు కొంటే మనోళ్లు వాటిని ముందట ఏపిస్తరు, వెనుక నున్నటివి ఉంచుతరు. టైర్ల కంపెనీలు చెప్పేది దీనికి ఉల్టా. కొత్త రెండూ వెనుకకు వెయ్యమంటయి. ఎందుకంటే తడి రోడ్డు మీద ముందు టైర్లు జారితే కారు నేరుగ పోతది, కాలు తీసి స్పీడు తగ్గిస్తే మళ్ల దారికొస్తది. వెనుక టైర్లు జారితే కారు గిర్రున తిరుగుతది, మామూలు డ్రైవర్ దాన్ని ఆపలేడు. రెక్క రెండొందల స్పీడుల చేసే పనిని మంచి వెనుక టైరు యాభై స్పీడుల సుత చేస్తది. టైరు గీతలల అరుగుదల గుర్తు 1.6 మిల్లీమీటర్ల కాడ ఉంటది. రబ్బరు దాని దాక వచ్చిందంటే మార్చాల్సిందే. గాలి వారానికోసారి చూపించుకోవాలె. అలైన్‌మెంట్ చూపించుకోవాలె.

కొత్త కారు కొనేటోళ్లు ఈఎస్‌సీ ఉన్నదా లేదా అడగాలె. కొన్ని కంపెనీలు దీన్నే ఈఎస్‌పీ అంటయి. కారు తోక జారుతున్నదని పసిగట్టి, ఒక్కొక్క చక్రానికి వేరువేరుగ బ్రేకు వేసి నేరుగ తెస్తది. ఆడి టీటీకి స్పాయిలర్‌తోని పాటు పెట్టింది ఇదే. 2024ల వచ్చిన స్విఫ్ట్‌ల కింది మోడల్‌కెల్లి ఇది ఉన్నది. రెక్కకు పెట్టే పైసలు ఇసొంటి మోడల్‌కు పెడితే ఇంటికి క్షేమంగ చేరుతం.

రెక్కల మీద నిజంగ మనసున్నోళ్లు ఉంటే దానికీ దారి ఉన్నది. ఒక చిన్న పరీక్ష చెయ్యొచ్చు. ఊలు దారాన్ని జానెడు జానెడు ముక్కలు చేసి కారు వెనుక అద్దం మీద, డిక్కీ మీద టేపుతోని అతికించి, ఖాళీ రోడ్డు మీద మామూలు స్పీడుల పోతుంటే వెనుక కారులకెల్లి దోస్తుతోని వీడియో తీపియ్యాలె. దారాలు నేరుగ వెనుకకు పారితే అక్కడ గాలి చక్కగున్నట్టు. పిచ్చిగ కొట్టుకుంటే సుడులున్నట్టు. ఇంజనీర్లు కూడ ఈ దారాల పరీక్ష చేస్తరు. డిక్కీ మీద రెక్కకు గాలి అందుతదో లేదో డ్రిల్లు పట్టకముందే తెలుస్తది.

ఇంజనీరింగ్ చదివేటోళ్లు కాలేజీ జట్టు కట్టి ఫార్ములా భారత్ పోటీలకు పోవచ్చు. పోరగాళ్లే సొంతంగ కారు తయారు చేసి కోయంబత్తూరు కరి ట్రాక్ మీద నడుపుతరు. మద్రాసు కాడ ఇరుంగట్టుకోట్టైల కూడ ట్రాక్ ఉన్నది. స్పీడు సరదా అక్కడ తీర్చుకోవాలె, ఊరి నడుమ కాదు.

ఇగ మళ్ల రెండు పార్టీల పంచాయితీ తెంపుదాం. ముందు చక్రాల కారుకు వెనుక రెక్క పనికొస్తదా? పనికొస్తది. ట్రాక్ ఉండాలె, నూట యాభై దాటే స్పీడు ఉండాలె, ముందట దానికి తగ్గ స్ప్లిట్టర్ ఉండాలె, సస్పెన్షన్ దానికి తగ్గట్టు సర్దాలె. ఈ నాలుగూ ఉన్నోనికి రెక్క అర సెకనో, సెకనో మిగులుస్తది. ఇవేవీ లేనోనికి ఆ రెక్క బట్టలారేసుకునే దండెమంత సుత పనికిరాదు. వచ్చే వానకాలం లోపట రెక్క కొందామా, వెనుక టైర్లు మారుద్దామా అన్న ఆలోచన వస్తే, టైర్ల దుకాణం దిక్కే బండి తిప్పండి.